రాములమ్మ ఇచ్చిన ఫోటో

రాములమ్మ మా యూనివర్సిటీ లైబ్రరీలో ఊడుస్తుంది. పొద్దున రీడింగ్ హాలు తెరవక ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి మేమంతా కూర్చుని ఉండగా ఇంకోసారి. ఆమె చీపురు దగ్గరికి వస్తుంటే బల్లల కింద కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేస్తాయి. తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ. ఎం.ఏ. మొదటి ఏడాదంతా నేనూ చూడలేదు. కిటికీ పక్క నా కుర్చీ, నా పుస్తకం, మూడింటికి ఒకసారి కాళ్లు ఎత్తడం, అంతే.

రెండో ఏడాది మొదట్లో ఒకరోజు ఆమె చీపురు గోడకు ఆనించి నా బల్ల దగ్గర నిలబడింది. నేను రాసుకుంటున్న కాగితాన్ని కాసేపు చూసింది.

"బిడ్డా, నీ రాత మంచిగున్నది. ఒక అర్జీ రాసిస్తవా?"

ఆ అర్జీ ఆమె ప్రతి ఏడూ రాయిస్తుందట, పోలీసు కమిషనర్ గారికి. లైబ్రరీకి వచ్చే ఆడపిల్లల్లో ఎవరి రాత గుండ్రంగా కనిపిస్తే వాళ్లతో. ఆ ఏడు నా వంతు వచ్చింది.

రాములమ్మది జనగామ వైపు ఒక పల్లె. పెళ్లైన రెండో ఏడు మొగుడు రాజలింగుతో పట్నం వచ్చింది. అప్పుడు క్యాంపస్‌లో కొత్త భవనం కడుతున్నారు. నేనిప్పుడు క్లాసులు వినే గదుల స్లాబుకు ఆమె తల మీద కంకర మోసింది. భవనం పూర్తయ్యాక మేస్త్రీ తన దారిన పోయాడు, వీళ్లు క్యాంపస్ పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్‌లో ఉండిపోయారు. ఆమెకు ఊడ్చే పని దొరికింది. ఇప్పటికి నలుగురు కాంట్రాక్టర్లు మారారు, చీర మీద వేసుకునే కోటు రంగు నాలుగుసార్లు మారింది. రాజలింగు కరోనా రెండో ఏడు పోయాడు. పిల్లలంటే ఒక్కతే, సింధూజ.

సింధూజ పదమూడేళ్ల కిందట, ఇంటర్ పరీక్షలు అయిపోయిన నెలలో చనిపోయింది. అడిక్‌మెట్‌లో కంప్యూటర్ నేర్చుకుని సాయంత్రం క్యాంపస్ లోపలి దారిన నడిచి ఇంటికి వచ్చేది. ఒక సాయంత్రం రాలేదు. మర్నాడు పొద్దున రైలు పట్టాల పక్క తుప్పల్లో దొరికింది. ఎవరు చేశారో ఈ రోజుకీ తెలియదు. మూడేళ్ల తర్వాత పోలీసులు ఆచూకీ లేదని ఫైలు మూసేశారు. అర్జీలో రాములమ్మ అడిగేది ఒక్కటే, ఆ ఫైలు మళ్లీ తెరవమని.

కేసు నంబరు కోసం నేను వాళ్లింటికి వెళ్లాల్సి వచ్చింది. ఒక్కటే గది. తలుపుకు ఎదురు గోడ మీద నల్ల చట్రంలో సింధూజ ఫోటో, దానికి ప్లాస్టిక్ మల్లెల దండ, అద్దం మీద ఏళ్ల తరబడి పెట్టిన పసుపు కుంకుమల మచ్చలు. ఐదేళ్ల కిందటి పెద్ద వానలకు ఇంట్లోకి నడుములోతు నీళ్లొచ్చి ట్రంకు పెట్టె మునిగిందట. స్కూలు ఫోటోలు, రేషన్ కార్డు, హాల్ టికెట్ అన్నీ ముద్దయిపోయాయి. గోడ మీది ఈ ఒక్కటే మిగిలింది. దీనికీ చెమ్మ తగిలి కింది మూల ఉబ్బింది.

"పెత్రమాస నాడు దీని ముంగటనే అన్నం పెడత" అని చెప్పింది రాములమ్మ. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య అది. ఇంట్లో చనిపోయినవాళ్లను తలుచుకుని, వాళ్లకు ఇష్టమైనవి వండి ఫోటో ముందు పెడతారు. సింధూజకు గుడ్డు పులుసు ఇష్టం.

నేను ఫోటో వైపు చూసి తలూపాను. తర్వాత కేసు కాగితం చేతిలోకి తీసుకున్నాను. మర్యాదకు ఎంతసేపు చూడాలో అంతసేపే చూశాను.

ఆ రోజుల్లోనే నాకొక చిన్న పని దొరికింది. తార్నాకలో మా ఇల్లున్న వీధి చివర, మందుల షాపు పైన, టీవీ కార్యక్రమాలు తీసే ఆఫీసు ఒకటుంది. వాళ్లు తీసేదాని పేరు 'ఆఖరి జాడ'. పాత హత్య కేసులు. చనిపోయినవాళ్ల మనుషులూ రిటైరైన పోలీసులూ కుర్చీలో కూర్చుని జరిగింది చెబుతారు. వాళ్లు చెప్పినదాన్ని మధ్యమధ్యలో నటులు చేసి చూపిస్తారు. ఇంటర్వ్యూలు విని ఒక్క మాట పోకుండా టైపు చేయడం నా పని. దాన్ని చూసి దర్శకుడు సంజీవ్ నటులకు సీన్లు రాసుకుంటాడు. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి ఒప్పుకున్నాను. బొమ్మ చూస్తుంటే నాకు మాట సరిగ్గా వినపడదు. అందుకని వీడియోను తెర అడుక్కి దించేసి, చెవుల్లో శబ్దం మాత్రం పెట్టుకుని టైపు చేసేదాన్ని.

ఒక సాయంత్రం ఆఫీసులో అందరూ చాయ్ తాగుతున్నారు. వచ్చే ఎపిసోడ్‌కు కథ దొరకలేదని సంజీవ్ విసుక్కుంటున్నాడు. మూడు వారాలుగా అక్కడ కూర్చున్నా నేను నోరు తెరిచింది లేదు. ఆ రోజు తెరిచాను. మా లైబ్రరీలో ఒకామె ఉంది అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. నేను చెబుతున్నంతసేపూ ఎవరూ మధ్యలో లేవలేదు. అది నాకు నచ్చింది. ఇది రాస్తున్నప్పుడు ఆ మాట దాచుకోలేను.

మర్నాడే సంజీవ్ నన్ను వెంటబెట్టుకుని రాములమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె డబ్బు సంగతి అడగలేదు. అడిగింది ఒక్కటే.

"మా పిల్ల మొఖం చూపిస్తరా సారూ?"

"తప్పకుండా అమ్మా. రాష్ట్రమంతా చూస్తుంది."

అతను వెళ్లాక ఆమె నాకు తన లెక్క చెప్పింది. ఇన్నేళ్లుగా అర్జీలన్నిట్లో రాతే ఉంది, మొఖం లేదు. ఆ సాయంత్రం ఆ దారిన వందమంది పిల్లలు నడిచి ఉంటారు. వాళ్లకు సింధూజ పేరు తెలియదు, మొఖం తెలిసి ఉంటుంది. ఇప్పుడు వాళ్లంతా ఎక్కడెక్కడో కొలువుల్లో ఉంటారు. టీవీలో చూస్తే ఒక్కరికన్నా, ఈ పిల్లను నేను చూసిన, ఫలానా మనిషి వెనకాల పోతుండె అని యాదికి రాదా?

నాకు ఆ లెక్క సరైనదిగానే అనిపించింది.

ఇంటర్వ్యూ ఆమె గదిలోనే తీశారు. ఫోటోను ఒళ్లో పెట్టుకుని కూర్చోమన్నాడు సంజీవ్. ఒక్కొక్క మాట మూడుసార్లు చెప్పించాడు, మూడు వైపుల నుంచి. ఏడుపొస్తే ఆపుకోవద్దన్నాడు. మూడోసారికి రాములమ్మ లైట్ల వెనకున్న నా కోసం వెతికి, మెల్లగా అడిగింది, "ఇప్పుడేడవాల్నా బిడ్డా, జర ఆగినంకనా?" కెమెరా మనిషి నవ్వాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది. రెండు రోజులు, ఆరు గంటల ఇంటర్వ్యూ.

సామాను సర్దుకునేటప్పుడు సంజీవ్ ఫోటో ఫ్రేమ్ అడిగాడు. నటులతో తీసే సీన్లో తల్లి ఇంట్లో గోడకు కావాలట. కొత్త ఫ్రేమ్ పెడితే కొత్తదని తెలిసిపోతుంది, ఆ పసుపు మచ్చలు, ఆ మసి నకిలీగా రావు. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తామన్నాడు. రాములమ్మ నా వైపు చూసింది. ఇవ్వమని నేను తలూపాను.

ఆమె కొంగుతో అద్దం తుడిచి, సామాన్లు చూసుకునే కమలాకర్ చేతిలో పెట్టింది. అతనిది ముషీరాబాద్. సినిమా వాళ్ల దగ్గర చిన్నచిన్న పనులు చేస్తూ ఇక్కడికి చేరినవాడు. "బోర్ల పెట్టకు కొడుకా" అంది. అతను సరేనమ్మా అని, రెండు చేతులతో పట్టుకుని తీసుకుపోయాడు.

ఆ ఆరు గంటల ఇంటర్వ్యూను నేను మూడు రోజులు టైపు చేశాను.

ఎపిసోడ్ ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. రాములమ్మ ఇంట్లో టీవీ లేదు. పక్కింటి కరుణ వాళ్లింట్లో పదిహేనుమందిమి చాపల మీద కూర్చున్నాం. రాములమ్మ తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

మొదట ఆమె కనిపించింది. అందరూ ఆమెను చూసి, తెరను చూసి, మళ్లీ ఆమెను చూశారు. తెర మీద ఆమె ఒళ్లో ఫ్రేమ్ ఉంది. ఫ్రేమ్‌లో ముఖం ఉండాల్సిన చోట మసకగా కదిలే గళ్లు ఉన్నాయి. కింద సింధూజ పేరుకు బదులు వేరే పేరు వేసి, పేరు మార్చామని రాశారు.

తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. పెద్ద కళ్లు, ఎర్ర చున్నీ. క్యాంపస్ చెట్ల కింద నడుస్తూ ఫోన్లో ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతూ నవ్వింది. వాన మొదలైంది. వెనక ఎవరివో బూట్లు. ఆ అమ్మాయి పరిగెత్తింది. పడింది. ముఖం మీద వాన పడుతుండగా కెమెరా ఆ ముఖానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా వెళ్లి ఆగిపోయింది.

"అక్కా, ఫోన్ల ఎవనితోని మాట్లాడుతున్నదే?" అని అడిగింది కరుణ.

"మాకు ఫోనే లేకుండె" అంది రాములమ్మ.

"మరి టీవీల ఊరికెనే చూపిస్తరా?"

రాములమ్మ నా మోచేయి పట్టుకుని, మొఖం ఎప్పుడొస్తది బిడ్డా అని అడిగింది. వస్తుందేమో చూద్దామన్నాను. చివర పేర్లన్నీ పైకి జరిగిపోయి, సబ్బు ప్రకటన వచ్చేదాకా ఆమె కదలకుండా చూస్తూనే ఉంది.

సోమవారం సంజీవ్‌ను అడిగాను. అతను దాచలేదు. పోస్టుమార్టం కాగితాల్లో ఉన్న ఒక విషయం వల్ల ఇలాంటి కేసుల్లో ఆడపిల్ల ముఖం, పేరు చూపించకూడదని చట్టం ఉంది, లాయరు చివరి వారంలో చెప్పాడు. మరి ఫోన్లో మాట్లాడటం? ఎపిసోడ్ ఇరవై రెండు నిమిషాలు, ఆ సాయంత్రం గురించి ఎవరికీ ఏమీ తెలియదు, ఏదో ఒకటి నింపాలి కదా అన్నాడు. "చాలామంది చూశారు స్నిగ్ధా. నువ్వు తెచ్చిన కథే."

వందమందిలో ఒక్కరూ ఫోన్ చేయలేదు. ఎవరిని చూసి గుర్తుపట్టాలి?

బస్తీలో మాత్రం మాటలు పుట్టాయి. పదమూడేళ్లు ఎవరూ అనని మాటలు. ఆ పిల్ల ఎవరినో నమ్మిందట, తల్లికి తెలిసీ దాచిందట. రాములమ్మ వాటిని పట్టించుకోనట్టే ఉంది. రోజూ మూడింటికి నా బల్ల దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగేది.

"ఫోటో ఇచ్చిండ్రా బిడ్డా?"

రేపు అంటున్నారమ్మా అనేదాన్ని. నేను నిజంగానే రోజూ అడుగుతున్నాను. కమలాకర్ రోజూ రేపు అంటున్నాడు. ఆగస్టు అయిపోయింది. సెప్టెంబరు సగమైంది. బస్తీలో ఆడపిల్లలు బతుకమ్మకు చీరల రంగులు మాట్లాడుకుంటున్నారు.

"పెత్రమాస ఆదివారం పడ్డది" అంది రాములమ్మ. "ఆ రోజు గోడ ఖాళీగ ఉండొద్దు."

శుక్రవారం నేను కమలాకర్‌ను మెట్ల దగ్గర ఆపేశాను. దారికి అడ్డంగా నిలబడ్డాను. నా జన్మలో ఎవరికీ అలా అడ్డం నిలబడలేదు. అతను కాసేపు కింద వీధిలో పోయే ఆటోలను చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి, పాత దినపత్రికలో చుట్టిన ఫ్రేమ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అదే ఫ్రేమ్, అదే దండ. అద్దం శుభ్రంగా మెరుస్తోంది. లోపల ఎర్ర చున్నీ అమ్మాయి నవ్వుతోంది.

సీన్‌లో తల్లి ఫోటో వైపు చూడాలి కాబట్టి నటి ఫోటో పెట్టాల్సి వచ్చిందని అతను చెప్పాడు. వెనక అట్ట తీశాడు. పాత ఫోటో ఎక్కడో దాచి, మళ్లీ పెట్టేద్దామనుకున్నాడు.

"అద్దానికి అంటుకుపోయింది మేడం. చెమ్మకు అట్ల అయితది. మెల్లగనే గుంజిన. కాగితం వచ్చింది, తెల్లగ. మొఖం అద్దానికే ఉండిపోయింది."

"అద్దం ఏది?" అన్నాను.

"షాట్ రెడీ అని ఒకటే లొల్లి చేస్తున్నరు. నాకు సమజ్ కాలే. మరకలున్నయని స్పిరిట్ కొట్టి తుడిచేసిన." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఎట్ల చెప్పాల్నో తెల్వక రేపు, రేపు అన్న. నన్ను ఆమె కొడుకా అన్నది మేడం."

పసుపు మచ్చలూ పోయాయి. వాటి కోసమే కదా ఆ ఫ్రేమ్ అడిగింది.

నేను అక్కణ్నుంచే ఎడిటింగ్ గదికి వెళ్లాను. ఇంటర్వ్యూ మొదటి వీడియో ఉంటే చాలు, ఆమె ఒళ్లో ఫోటో ఉంది, ఒక్క బొమ్మ తీసి ప్రింటు వేయించవచ్చు. ఎపిసోడ్ ప్రసారమైన నెలకు అసలు వీడియోలన్నీ తుడిచేసి ఆ డిస్కుల్ని తర్వాతి షూటింగ్‌కు వాడతారట. మిగిలింది ప్రసారం చేసిన కాపీ. అందులో గళ్లు విడదీయడం కుదరదు.

శనివారమంతా తిరిగాను. సింధూజ చదివిన జూనియర్ కాలేజీ మూతపడి అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. రాములమ్మకు తెలియకుండా కరుణతో ఆమె పాత అర్జీల సంచి తెప్పించి వెతికాను. ఒకదాని వెనక, ఏ పిల్ల తీయించిందో, ఫోటో జిరాక్స్ ఉంది. దండ స్పష్టంగా ఉంది, జడ అంచు ఉంది. ముఖం ఉన్నచోట నల్లటి మరక. మా ఇంట్లో బీరువా నిండా ఆల్బమ్‌లున్నాయి. నేను పాకుతున్నవి, అలిగినవి, నిద్రపోతున్నవి. ఆ రాత్రి వాటి వైపు చూడలేకపోయాను.

ఆదివారం పొద్దున ఫ్రేమ్ తీసుకుని వెళ్లాను. గది కడిగి ముగ్గు వేసి ఉంది. గోడకు మేకు ఒక్కటే. కింద విస్తరిలో అన్నం, గుడ్డు పులుసు, గారెలు. రాములమ్మ నా చేతిలోని పొట్లం చూసి చేతులు కడుక్కుని వచ్చింది.

నేను ముందే చెప్పాలనుకున్నాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. పొట్లం ఆమె చేతికిచ్చాను. ఆమె కాగితం విప్పింది. చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల ఎవరి బిడ్డ?" అంది.

అప్పుడు చెప్పాను. చెమ్మ, అద్దం, స్పిరిట్, డిస్కులు, జిరాక్స్, అన్నీ. ఇవ్వమని తలూపింది నేనే కదమ్మా అని కూడా చెప్పాను. ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. ఆమె ఫ్రేమ్‌ను గోడకు తగిలించలేదు, కింద పెట్టలేదు, పారేయలేదు. అద్దాన్ని ఇంటర్వ్యూ రోజు కొంగుతో తుడిచినట్టే ఒకసారి తుడిచి, మళ్లీ కాగితంలో చుట్టి బియ్యం డబ్బా పక్కన నిలబెట్టింది. బోర్లా పెట్టలేదు. విస్తరి ముందు కూర్చుని అగరుబత్తి వెలిగించింది. కళ్లు మూసుకుంది. వెంటనే తెరిచింది.

"కండ్లు మూస్తె ఈ పిల్లనే వస్తున్నది" అంది. "ఆ టీవీ చూసిన ఐతారం కాడికెల్లి గిట్లనే అయితున్నది. ఫోటో వస్తె సరి అయితదనుకున్న." నా వైపు తిరిగింది. "నువ్వు చూసినవ్ కద బిడ్డా. నువ్వు చదువుకున్నదానివి, నీకు మంచిగ యాదుంటది. మా సింధు మొఖం ఎట్లుండె, చెప్పు. నేను కండ్లు మూసుకుంట."

మూసుకుంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. కుడి కనుబొమ్మ మీద చిన్న గాటు, చిన్నప్పుడు గడప మీద పడితే తగిలింది. నవ్వితే పక్కపన్ను ఇంకో పన్ను మీదికి ఎక్కి కనిపిస్తుంది. కాటుక పెట్టుకోదు, కళ్లు మండుతాయని. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆమె కళ్లు తెరిచింది.

"అవన్ని నేను చెప్పినయే బిడ్డా, ఆ కెమెరా ముంగట. నువ్వు చూసింది చెప్పు."

పులుసు మీద ఈగ వాలింది. ఆమె చేత్తో తోలింది. నేను ఆలోచించాను. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగా ప్రయత్నించాను. నల్ల చట్రం గుర్తొచ్చింది, దండ గుర్తొచ్చింది, ఉబ్బిన మూల గుర్తొచ్చింది. ఆమె చెప్పిన ప్రతి మాటా, ఎక్కడ గొంతు ఆగిందో కూడా గుర్తొచ్చింది. మూడు రోజులు ఆ ముఖం నా ముందే ఉంది. నేను దాన్ని తెర అడుక్కి దించేశాను. ముఖం కోసం చూస్తే నాకూ పెద్ద కళ్లే వచ్చాయి, ఎర్ర చున్నీయే వచ్చింది.

"యాదికొచ్చినంక చెప్పు తియ్యి" అంది రాములమ్మ, నన్ను ఓదారుస్తున్నట్టు. ఖాళీ మేకుకు దండం పెట్టుకుంది. నాకు అన్నం పెట్టింది. తినక తప్పలేదు.

ఆ పని మానేశాను. నేను మానేస్తే వాళ్లకు ఏమీ ఆగలేదు. అర్జీకి జవాబు రాలేదు.

సెలవులకు ముందు వారమంతా రాములమ్మ మూడింటికి ఊడుస్తూ నా బల్ల దగ్గరికి వచ్చి ఆగేది. యాదికొచ్చిందా బిడ్డా అని అడిగేది. ఇంకా లేదమ్మా అనేదాన్ని. దసరా సెలవుల తర్వాత ఆమె అడగడం మానేసింది. ఇప్పుడు చీపురు దగ్గరికి వచ్చినప్పుడు నేను తల ఎత్తి చూస్తాను. ఆమె చూడదు. నేను కాళ్లు ఎత్తుతాను, ఆమె కింద ఊడ్చుకుని పక్క బల్లకు వెళ్లిపోతుంది.